బాయిల్డ్ రైస్ మిల్లు రేకుల మీద 99 కిలోవాట్ల సోలార్: యూనిట్లు వచ్చినా బిల్లు ఎందుకు తగ్గలేదు?

మిర్యాలగూడ చుట్టుపక్కల ఒక బాయిల్డ్ రైస్ మిల్లు. 11 కేవీ హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్, 315 కేవీఏ సొంత ట్రాన్స్‌ఫార్మర్, 250 కేవీఏ డీజిల్ జనరేటర్ ఉన్నాయి. మిల్లింగ్ షెడ్డు మీద 99 కిలోవాట్ల సోలార్ పెట్టారు. 550 వాట్ల ప్యానెళ్లు 180, ఒక్కో స్ట్రింగ్‌కు (వరుసగా కలిపిన ప్యానెళ్ల గొలుసు) 18 చొప్పున 10 స్ట్రింగులు, డీసీని ఏసీగా మార్చే 50 కిలోవాట్ల ఇన్వర్టర్లు రెండు. కాగితం మీద ఎక్కడా తప్పులేని డిజైన్ ఇది. తెలుగు రాష్ట్రాల్లో ఒక కిలోవాట్ సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తుంది కాబట్టి నెలకు 11 నుంచి 12 వేల యూనిట్లు రావాలి. ఇన్వర్టర్ యాప్‌లో దాదాపు అన్నీ వచ్చాయి కూడా.

ఇబ్బందులు మూడు చోట్ల బయటపడ్డాయి. యాప్ చూపించినంత తగ్గుదల కరెంటు బిల్లులో కనిపించలేదు. వాన పడిన మర్నాడు ఒక ఇన్వర్టర్ 10 గంటలు దాటేదాకా మేలుకునేది కాదు. తొలి వానాకాలంలోనే షెడ్డు లోపల ధాన్యం బస్తాల మీద నీళ్లు కారాయి. ప్యానెల్‌లో గానీ ఇన్వర్టర్‌లో గానీ లోపం లేదు. వ్యాపార సంస్థల మీద పెట్టే సోలార్‌లో ఎక్కువగా ఇలాగే జరుగుతుంది. కొన్న సామాను బాగానే ఉంటుంది. అది రేకుతో, కేబుల్‌తో, పాత కరెంటు ప్యానెల్‌తో కలిసే చోట పని చెడుతుంది.

బిల్లు సంగతి

ముందు దీన్నే విడమరచి చెప్పాలి. ఎందుకంటే ఇది కంటికి కనిపించని నష్టం, నెలనెలా పోతూనే ఉంటుంది.

హెచ్‌టీ వినియోగదారుకు బిల్లు పడేది కిలోవాట్ అవర్ల మీద కాదు, కేవీఏ అవర్ల మీద. మిల్లులో మోటార్లు తినే కరెంటులో పని చేసే భాగం కిలోవాట్లయితే, అయస్కాంత క్షేత్రం కోసం అటూ ఇటూ తిరిగే భాగం కేవీఏఆర్. ఈ రెండూ లంబకోణ త్రిభుజం భుజాలైతే, కర్ణం కేవీఏ. కేవీఏలో కిలోవాట్ల వాటాయే పవర్ ఫ్యాక్టర్. కేవీఏఆర్‌ను అందించేందుకే కెపాసిటర్ బ్యాంక్, దాన్ని నడిపే ఏపీఎఫ్‌సీ ప్యానెల్ ఉంటాయి. కొత్తగా పెట్టిన సోలార్ ఇన్వర్టర్ ఫ్యాక్టరీ సెట్టింగులో యూనిటీ పవర్ ఫ్యాక్టర్ (అంటే 1) మీద నడుస్తుంది. అంటే కిలోవాట్లు మాత్రమే ఇస్తుంది, కేవీఏఆర్ ఇవ్వదు. దాంతో గ్రిడ్ నుంచి తీసుకునే కిలోవాట్లు తగ్గిపోతాయి, కేవీఏఆర్ మాత్రం ఉన్నంతే ఉంటుంది.

ఈ మిల్లు లెక్కే చూడండి. సగం మోటార్లు నడిచే మధ్యాహ్నం లోడు 90 కిలోవాట్లు. కెపాసిటర్లు సరిగ్గా పనిచేస్తుంటే పవర్ ఫ్యాక్టర్ 0.96. అప్పుడు కేవీఏఆర్ 26, మీటరు చూసేది 93.7 కేవీఏ. సోలార్ 75 కిలోవాట్లు ఇస్తే గ్రిడ్ నుంచి వచ్చేది 15 కిలోవాట్లు, 26 కేవీఏఆర్. మొత్తం 30 కేవీఏ, పవర్ ఫ్యాక్టర్ 0.5. సోలార్ ఇచ్చింది 75, బిల్లులో తగ్గింది 63.7. ఇక్కడితో ఆగితే నష్టం 15 శాతమే.

కానీ ఇక్కడితో ఆగలేదు. గ్రిడ్ కరెంటు వచ్చే ఇన్‌కమర్ మీద ఉన్న 600/5 సీటీ (600 ఆంపియర్లను 5గా తగ్గించి చూపే కరెంటు ట్రాన్స్‌ఫార్మర్) నుంచి ఏపీఎఫ్‌సీ రిలే కరెంటు చదువుతుంది. 30 కేవీఏ అంటే 42 ఆంపియర్లు, సీటీ సెకండరీలో 0.35 ఆంపియర్లు. పూర్తి విలువలో 7 శాతమన్నమాట. పాత రిలేకు 10 శాతం కంటే తక్కువ కరెంటు కనిపిస్తే 'మిల్లు ఆగిపోయింది' అనుకుని కెపాసిటర్లన్నీ తీసేసే అలవాటు ఉంది. అవి తీసేయగానే మోటార్ల అసలు పవర్ ఫ్యాక్టర్ 0.8 బయటికొస్తుంది. కేవీఏఆర్ 67.5కు ఎగబాకుతుంది. 15 కిలోవాట్లు, 67.5 కేవీఏఆర్ కలిస్తే 69 కేవీఏ. సోలార్ 75 ఇస్తుంటే బిల్లులో తగ్గేది 25 లోపే.

అప్పుడు కరెంటు మళ్లీ 96 ఆంపియర్లకు చేరుతుంది. 16 శాతం కనిపించగానే రిలే మేలుకుని కెపాసిటర్లు కలుపుతుంది. కలపగానే కరెంటు తగ్గి మళ్లీ తీసేస్తుంది. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం ఏపీఎఫ్‌సీ ప్యానెల్ పక్కన నిలబడితే కాంటాక్టర్లు (కెపాసిటర్లను కలిపే, తీసే స్విచ్చులు) టకటకా కొట్టుకోవడం వినిపిస్తుంది. సోలార్ పెట్టాక కెపాసిటర్ డ్యూటీ కాంటాక్టర్లు తొందరగా కాలిపోతున్నాయంటే ముందు దీన్నే అనుమానించాలి.

దిద్దుబాటు రెండు మెట్లలో జరిగింది. ఖర్చు లేనిది ముందు. రెండు ఇన్వర్టర్లనూ 0.95 స్థిర పవర్ ఫ్యాక్టర్‌కు మార్చారు. 75 కిలోవాట్లతో పాటు 24.7 కేవీఏఆర్ కూడా ఇస్తాయి, అంటే మిల్లుకు కావలసిన 26లో దాదాపు అంతా. 50 కేవీఏ ఇన్వర్టర్ 37.5 కిలోవాట్లు ఇస్తున్నప్పుడు 33 కేవీఏఆర్ దాకా ఇవ్వగలదు కాబట్టి దానికిది భారం కాదు. ఇక్కడ ఒక్క జాగ్రత్త. లీడింగ్, లాగింగ్ అనే మాటలను ఒక్కో కంపెనీ ఒక్కోలా వాడుతుంది. తప్పు వైపు పెడితే ఇన్వర్టరే కేవీఏఆర్ తినడం మొదలుపెడుతుంది, 26 కాస్తా 51 అవుతుంది. సెట్టింగు మార్చాక మెనూను నమ్మకుండా ఇన్‌కమర్ మీటర్‌లో కేవీఏఆర్ తగ్గిందో పెరిగిందో అక్కడే నిలబడి చూడాలి.

రెండో మెట్టు రిలే మార్పిడి. నాలుగు క్వాడ్రంట్లలో, అంటే కరెంటు ఎటు పారినా సరిగ్గా కొలిచే రిలే వేసి, తక్కువ కరెంటు హద్దును దించారు. నాలుగు క్వాడ్రంట్లు ఎందుకంటే, మిల్లు ఆగిన రోజు కరెంటు గ్రిడ్ వైపు పారుతుంది. పాత రిలే దాన్ని తిరగేసి చదివి కెపాసిటర్లను అడ్డదిడ్డంగా కలుపుతుంది. బ్యాంకులో అన్నీ 25 కేవీఏఆర్ స్టెప్పులే ఉండేవి. గ్రిడ్ కరెంటు తగ్గాక అంత పెద్ద స్టెప్పు ఒకటి కలిస్తే ఎక్కువ, తీస్తే తక్కువ. అందుకని 5, 10 కేవీఏఆర్ స్టెప్పులు చేర్చారు.

సోలార్ కేబుల్‌ను ఎక్కడ కలపాలన్న ప్రశ్న కూడా దీంతోనే ముడిపడి ఉంది. ఏపీఎఫ్‌సీ సీటీకి ముందు, అంటే ట్రాన్స్‌ఫార్మర్ వైపు కలిపితే రిలేకు సోలార్ ఉన్నట్టే తెలియదు. మిల్లు లోడు 0.96 ఉందని తృప్తిపడి కూర్చుంటుంది, మీటర్ దగ్గర మాత్రం 0.5 నడుస్తూ ఉంటుంది. సీటీ చూసేదీ డిస్కం మీటర్ చూసేదీ ఒకే కరెంటు అయ్యేలా కలపాలి.

ఇంకో అపోహ కూడా ఇక్కడే తీరాలి. సోలార్ పెడితే డిమాండ్ చార్జీ (నెలలో నమోదైన గరిష్ఠ కేవీఏ మీద పడేది) తగ్గుతుందని అమ్మేవాళ్లు చెబుతుంటారు. రాత్రి షిఫ్టు నడిచే మిల్లులో గరిష్ఠ డిమాండ్ చీకటి పడ్డాకే నమోదవుతుంది. మబ్బు పట్టిన ఒక్క అరగంట చాలు, పగటి డిమాండ్ కూడా పాత చోటికే వస్తుంది. పెట్టుబడి లెక్కలో డిమాండ్ చార్జీ ఆదాను సున్నాగా వేసుకోండి.

జనరేటర్

ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ గ్రిడ్ పోగానే ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసమే ఆ నిబంధన. అయితే జనరేటర్ మొదలవగానే ఇన్వర్టర్ దాని వోల్టేజీ చూసి గ్రిడ్ వచ్చిందనుకుంటుంది. మిల్లులో 60 కిలోవాట్ల లోడుంటే, సోలార్ 75 ఇస్తే, మిగిలిన 15 జనరేటర్‌లోకి ఎదురుపోతుంది. రివర్స్ పవర్ రిలే ఉంటే ట్రిప్ అవుతుంది, లేకపోతే ఆల్టర్నేటర్‌కు ముప్పు. ఎదురుపోకపోయినా, 30 శాతం కంటే తక్కువ లోడులో నడిచే డీజిల్ ఇంజన్ ఇంధనాన్ని పూర్తిగా కాల్చలేదు. పొగగొట్టంలో జిడ్డు, సిలిండర్లలో మసి పేరుకుంటాయి. 250 కేవీఏ జనరేటర్‌కు ఆ హద్దు సుమారు 60 కిలోవాట్లు.

దారులు రెండు. జనరేటర్ మీద లోడు ఎంతుంటే దాన్నిబట్టి సోలార్‌ను తగ్గించే కంట్రోలర్ ఒకటి. జనరేటర్ బ్రేకర్ ఆన్ కాగానే సోలార్ ఫీడర్ కాంటాక్టర్ తెరుచుకునే ఇంటర్‌లాక్ ఇంకొకటి. కరెంటు కోత అరుదుగా ఉండే చోట ఇంటర్‌లాకే చాలు. రోజూ గంటలకొద్దీ జనరేటర్ నడిపే వాళ్లకే కంట్రోలర్ ఖర్చు గిట్టుబాటవుతుంది. ఈ మిల్లులో రెండూ లేవు, ఇంటర్‌లాక్ తర్వాత పెట్టారు. టెండర్ దశలోనే అడిగి ఉంటే ఒక కాంటాక్టర్, కొన్ని మీటర్ల కంట్రోల్ వైరుతో పోయే పని.

రేకులు, గాలి, కారే నీళ్లు

ఒక్కో ప్యానెల్ బరువు 28 కిలోలు, వైశాల్యం 2.58 చదరపు మీటర్లు. ప్యానెళ్లను బిగించే లోహపు పట్టీలు, అంటే రైళ్లు కలిపి చదరపు మీటరుకు 13 కిలోలు. యజమానులు అడిగేది ఎప్పుడూ 'షెడ్డు ఈ బరువు మోస్తుందా' అని. అడగవలసిన రెండో ప్రశ్న 'గాలికి లేచిపోకుండా పట్టుకుంటుందా' అని. కట్టడాల మీద గాలి భారానికి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం హైదరాబాద్‌కు గాలివేగం సెకనుకు 44 మీటర్లు, విజయవాడ, విశాఖలకు 50. ఈ మిల్లు హైదరాబాద్‌కూ విజయవాడకూ మధ్య ఉంది. 50తో లెక్క వేసుకోవడమే క్షేమం. 50 మీటర్ల వేగానికి గాలి ఒత్తిడి చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు, అంటే 150 కిలోల పైమాటే. పైకి లాగేది అందులో సగమే అనుకున్నా ఒక్కో ప్యానెల్‌ను గాలి 190 కిలోల బలంతో పైకి లాగుతుంది. దాని సొంత బరువు 28. షెడ్డు అంచుల్లో, మూలల్లో ఆ లాగుడు ఇంకా ఎక్కువ.

ఇక్కడ బిగించిన పద్ధతిలోనే తప్పుంది. అర మిల్లీమీటర్ మందం రేకుకు చిన్న రైలు ముక్కలను సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలతో బిగించారు, ఒక్కటీ పర్లిన్‌లోకి (రేకును మోసే అడ్డ దూలం) దిగలేదు. అంచుకు జానెడు దూరం దాకా ప్యానెళ్లు పరిచారు. పైగా కొన్ని స్క్రూలు రేకు గాడిలో, నీళ్లు పారే చోటే పడ్డాయి. డ్రిల్‌తో గట్టిగా బిగించడంతో రబ్బరు వాషర్ నలిగి పక్కకు జారింది. కారింది అక్కడే.

ఆ కన్నాల మీద మామూలు సిలికాన్ పూయడం మొదటి మరమ్మతుగా జరిగింది. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, అది రేకు మీది జింకు పూతను తినేస్తుంది. ఒక్క ఏడాదిలో కన్నం చుట్టూ తుప్పు వలయం కనిపిస్తుంది. న్యూట్రల్ క్యూర్ రకమే వాడాలి, అదీ అదనపు రక్షణగానే. అసలు మరమ్మతు వేరు. గాడిలోని స్క్రూ తీసి, ఒక సైజు పెద్ద స్క్రూను ఈపీడీఎం రబ్బరు వాషర్‌తో వేసి కన్నం మూయాలి. కొత్త బిగింపు రేకు ఎత్తు భాగం మీద, కింద బ్యూటైల్ టేపు పరిచి, పర్లిన్ దొరికే చోట వేయాలి. అంచుల్లోని రెండు వరుసలకు పర్లిన్ నుంచి పర్లిన్‌కు పొడవాటి రైళ్లు వేశారు. అంచు నుంచి కనీసం అర మీటరు వదిలితే గాలికీ మంచిది, మనిషి నడవడానికీ మంచిది.

పక్కనున్న పాత గోదాము మీద సిమెంటు రేకులు. అక్కడ పెట్టకపోవడం సరైన నిర్ణయం. సిమెంటు రేకు మనిషి కాలికింద చెప్పకుండా విరుగుతుంది. వెలుతురు కోసం వేసే ప్లాస్టిక్ రేకులూ అంతే. ఎండకు పెళుసుబారి, దుమ్ము పట్టి మామూలు రేకులా కనిపిస్తాయి. పని మొదలుపెట్టే ముందే వాటికి ఎర్ర రంగు గుర్తులు, పైన ఇనుప జాలీ వేసి, షెడ్డు పొడవునా లైఫ్‌లైన్ తాడు కట్టాలి. దీనికి బడ్జెట్ లేదనే కాంట్రాక్టర్‌ను పైకి ఎక్కనివ్వకండి.

వాన మర్నాటి మొరాయింపు

ఇన్వర్టర్ ప్రతి ఉదయం డీసీ కేబుళ్లకూ భూమికీ మధ్య ఇన్సులేషన్ కొలిచి, సరిపోతేనే మొదలవుతుంది. మొరాయించిన ఇన్వర్టర్ అయిదు స్ట్రింగులనూ ఒక్కొక్కటిగా విడదీసి 1,000 వోల్ట్ల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటర్) కొలిస్తే రెండు స్ట్రింగుల్లో ఒక మెగా ఓమ్ కూడా రాలేదు. కనీసం అంతుండాలి. ఎండిన మధ్యాహ్నం కొలిస్తే అవే స్ట్రింగులు బాగున్నట్టు చూపిస్తాయి. కాబట్టి ఈ పరీక్ష వాన మర్నాడు ఉదయాన్నే చేయాలి.

కారణం చాలా మామూలుది. కేబుళ్లను నైలాన్ టైలతో కట్టారు. ఎండకు ఆ టైలు తెగి, ప్యానెల్ కేబుళ్లను కలిపే ఎంసీ4 కనెక్టర్లు రేకు గాడిలో పడి నీళ్లలో నానుతున్నాయి. కొన్ని చోట్ల ఒక కంపెనీ మగ కనెక్టర్‌కు ఇంకో కంపెనీ ఆడ కనెక్టర్ తగిలించారు. క్లిక్‌మని పడతాయి, కానీ లోపలి పిన్ను కొలతలూ రబ్బరు సీలూ ఒకటి కావు. నీరు చేరుతుంది, వేడెక్కుతుంది. మామూలు ప్లయర్‌తో నొక్కిన క్రింపింగ్ ఇంకా ప్రమాదం. 13 ఆంపియర్లు, 700 వోల్ట్ల డీసీ వదులు జాయింట్‌లో ఆర్క్ పుట్టిస్తే, ఏసీలా సున్నా దాటి ఆరిపోదు. కింద ఊక, తౌడు ధూళి ఉండే మిల్లులో ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు.

కనెక్టర్లన్నీ ఒకే కంపెనీవి, సరైన క్రింపింగ్ టూల్‌తో మళ్లీ వేసి, స్టీలు క్లిప్పులతో ప్యానెల్ ఫ్రేముకు ఎత్తి కట్టారు. డీసీ కేబుల్ మిల్లింగ్ హాలు లోపలి నుంచి పోతోంది. దాన్ని బయటి గోడ వెంట మూత ఉన్న ఇనుప ట్రేలోకి మార్చారు. మా ప్రాంతాల్లో కోతుల బెడద కూడా ఉంది. వేలాడే కేబుల్ కనిపిస్తే లాగకుండా వదలవు. ట్రేకు మూత అందుకూ కావాలి.

ఫ్రేముల ఎర్తింగ్‌లో ఒక మాట. అల్యూమినియం ఫ్రేము మీద అనోడైజింగ్ పొర ఉంటుంది, అది కరెంటును పారనివ్వదు. వైరును బోల్టుతో తగిలిస్తే చూడ్డానికి ఎర్తింగే, కొలిస్తే కాదు. పొరను చీల్చే పళ్ల వాషర్ గానీ క్లిప్పు గానీ వేసి, మల్టీమీటర్‌తో ఫ్రేము నుంచి ఫ్రేముకు చూడాలి.

ఏసీ కేబుల్ సైజు

ఇన్వర్టర్ గది నుంచి మిల్లు ఎల్‌టీ (లో టెన్షన్) ప్యానెల్‌కు 80 మీటర్లు. 50 కిలోవాట్లకు 70 ఆంపియర్లు. 50 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం కేబుల్ ఆ కరెంటును మోస్తుంది. కానీ వేడెక్కిన కేబుల్‌లో 8 వోల్ట్లు పడతాయి. ఇన్వర్టర్ కరెంటును బయటికి నెట్టాలి కాబట్టి, తన దగ్గర అంత వోల్టేజీ ఎక్కువ పెట్టుకోవాలి. మిల్లు ఆగిన ఆదివారం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే 440 ఉంటే, ఓవర్ వోల్టేజీ హద్దుకు దగ్గరై ట్రిప్ అవుతుంది. 70 చదరపు మిల్లీమీటర్లయితే 5.5 వోల్ట్లే. కేబుల్ మార్చే ముందు ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (వోల్టేజీ సర్దుబాటు స్థానం) చూసుకోండి. ఎప్పుడో వోల్టేజీ తక్కువొస్తుందని పెంచిన ట్యాప్ అలాగే ఉండిపోయి ఉంటుంది. దాన్ని సరఫరా పూర్తిగా తీసేశాకే మార్చాలి.

నీడ, బూడిద

మిల్లులో ఎలివేటర్ టవర్ షెడ్డు కంటే 12 మీటర్లు ఎత్తు. డిసెంబరు చివర్లో మన అక్షాంశంలో ఉదయం 9కి సూర్యుడు 30 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. నీడ వాయవ్యం వైపు 20 మీటర్లు సాగుతుంది, మధ్యాహ్నం 3కి ఈశాన్యం వైపు అంతే. జూన్‌లో నడినెత్తి దాటి సూర్యుడు ఉత్తరానికి వెళ్తాడు, మిట్టమధ్యాహ్నం చిన్న నీడ దక్షిణాన పడుతుంది. కాబట్టి టవర్‌కు దక్షిణం పక్కన కూడా రెండు మీటర్లు వదలాలి. ఒక్కరోజు సైట్‌కు వచ్చి ఫొటోలు తీసుకుపోయిన సర్వే ఇవన్నీ పట్టుకోలేదు.

బాయిలర్‌లో ఊక కాలుస్తారు. ఆ బూడిదలో సిలికా ఎక్కువ. తెల్లవారుజామున మంచుకు తడిసి, ఎండకు అట్టకడుతుంది. పొడి గుడ్డతో తుడిస్తే అద్దం మీది పూత గీసుకుపోతుంది. వాలు 7 డిగ్రీలే కాబట్టి నీరు కింది ఫ్రేము దగ్గర నిలిచి బురద గీత ఏర్పడుతుంది. ఒక్క సెల్ వరుస మూసుకుపోతే చాలు, బైపాస్ డయోడ్ ఆ భాగాన్నే పక్కన పెట్టేస్తుంది, సెల్ వేడెక్కుతుంది. నీటిని జార్చే చిన్న ప్లాస్టిక్ క్లిప్పులు కింది ఫ్రేముకు తగిలిస్తే ఈ గీత చాలావరకు పోతుంది.

సీజన్‌లో వారానికోసారి, పొద్దున్నే అద్దం చల్లగా ఉన్నప్పుడు కడగాలి. మెత్తటి బ్రష్, ముందు బాగా నీళ్లు. నల్లగొండ జిల్లా బోరు నీళ్లు చాలా చోట్ల ఉప్పగా ఉంటాయి, ఆరితే తెల్లటి పొర మిగులుతుంది. సాఫ్ట్‌నర్ నుంచి ఒక పైపు పైకి వేసుకోండి. బాయిలర్ కోసం అది మిల్లులో ఎలాగూ ఉంటుంది. ఇన్వర్టర్ ఫ్యాన్ జాలీలో తౌడు ధూళి పేరుకోవడం కూడా చూడాలి. ఫ్యాన్ ఊపిరాడకపోతే ఇన్వర్టర్ తనంతట తానే ఉత్పత్తి తగ్గించుకుంటుంది.

కాగితాలు

పీఎం సూర్యఘర్ సబ్సిడీ ఇళ్లకే, మిల్లులకు రాదు. వ్యాపారానికి ఉన్నది ఆదాయపు పన్నులో 40 శాతం తరుగుదల. కేంద్రం 2021లో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల్లో నెట్ మీటరింగ్‌కు (గ్రిడ్‌కు ఇచ్చిన యూనిట్లను వాడిన వాటిలోంచి తీసేసే పద్ధతి) హద్దు 500 కిలోవాట్లు లేదా మంజూరైన లోడు, ఏది తక్కువైతే అది. బియ్యం మిల్లు ఏడాదంతా నడవదు కాబట్టి నెట్ మీటరింగ్ లేకుండా ఈ లెక్క నిలబడదు. డ్రాయింగులు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్‌కు పని మొదలయ్యే ముందే పంపండి. పని అయ్యాక పంపితే మార్పులన్నీ యజమాని ఖర్చే.

ఒప్పందంలో కిలోవాట్లు మాత్రమే రాసుకుంటే సరిపోదు. ప్రతి స్ట్రింగ్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ, మెగ్గర్ రీడింగు, ఎర్త్ పిట్ల ఓమ్‌లు, ఇన్‌కమర్ దగ్గర పగటి పవర్ ఫ్యాక్టర్, ఇవన్నీ సంతకంతో చేతికి రావాలి. 18 ప్యానెళ్ల స్ట్రింగ్ 10 డిగ్రీల చలిలో 930 వోల్ట్ల చుట్టూ, వేడిగా ఉన్న మధ్యాహ్నం అంతకంటే చాలా తక్కువ చూపిస్తుంది. అందుకే ప్యానెల్ వెనుక వేడి కూడా పక్కనే రాయాలి. చివరి 10 శాతం చెల్లింపును ఒక వానాకాలం గడిచాక, మిల్లు నడిచే సీజన్‌లో రెండు బిల్లులను యాప్ లెక్కలతో సరిచూశాక ఇచ్చేలా రాసుకోండి. ఈ మిల్లులో బయటపడిన మూడు లోపాలూ ఆ గడువులోపే దొరికేవి.